ఎండిన మొక్కను అప్పుడే పీకకండి

చలికాలం వచ్చిందంటే మన ఆదిలాబాద్ పేరు పత్రికల్లో మొదటి పేజీకి ఎక్కుతుంది. అర్లి(టి), గిన్నెధరి, సిర్పూర్(యు) వంటి ఊళ్ళ పేర్లు రాష్ట్రమంతా వినబడేది ఆ రెండు నెలలే. అతి తక్కువ ఉష్ణోగ్రత ఇక్కడేనని రాస్తారు, చలిమంట కాచుకునే ముసలివాళ్ళ ఫోటో వేస్తారు. అదే చలికి మన హాస్టల్ ఆవరణలో ఏటేటా చచ్చిపోయే మొక్కల గురించి మాత్రం ఎవరూ రాయరు. కనీసం మన వార్షికోత్సవ సంచికలోనైనా ఆ మాట రావాలని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాం.

హరితహారం 2015 జూలైలో మొదలైంది. మరుసటి ఏడు వానాకాలంలో మేము తొమ్మిదో తరగతి. వరుసలు గీసి, గుంతలు తీసి మొక్కలు నాటాం. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన మిత్రులు సెలవులకు పోయినప్పుడల్లా ఇంటి నుంచి ఒక క్రోటన్ కొమ్మో, తమలపాకు తీగో, బొప్పాయి మొక్కో తెచ్చేవారు. పగిలిన బకెట్లలో కలబంద, రణపాల పెట్టాం. దసరా నాటికి ఆవరణ కళకళలాడింది. వచ్చిన అధికారులు మెచ్చుకున్నారు, ఫోటోలు దిగాం.

డిసెంబర్ చివర ఒక తెల్లవారి లేచి చూస్తే బొప్పాయి ఆకులు వేడినీళ్ళు పోసినట్టు నల్లబడి వేలాడుతున్నాయి. కలబందను ముట్టుకుంటే నీరై జారింది. సంక్రాంతి సెలవుల నుంచి తిరిగి వచ్చేసరికి మిగిలినవి పుల్లలే. "సచ్చినయి, మళ్ళ వానకాలం పెట్టుకుందాం" అని అన్నీ పీకి చలిమంటలో వేశాం. కొన్ని సరిగ్గా మండలేదు, పొగ ఎగజిమ్మింది. పచ్చికట్టె గనుక మండలేదని అప్పుడు మాకు తట్టలేదు.

శివరాత్రికి గోదావరి దాటి ఇంటికి పోయినప్పుడు ఈ సంగతి చెబితే అవ్వ తిట్టింది. "ఆకులు రాలితే సచ్చినట్టేనా? గోరుతోని గీకి సూడాలె బిడ్డా. లోపల పచ్చగుంటే పాణమున్నట్టే" అన్నది. చలి రాత్రుల్లో ఆమె తన మల్లెచెట్టు మీద పాత గోనెసంచి కప్పేది. ఆమెకు అక్షరం ముక్క రాదు. మేము ఎమ్మెస్సీ బాటనీలో చేరాక గానీ ఆమె చేసిన పనికి కారణం తెలుసుకోలేకపోయాం.

కారణం ఇదీ. చలికాలంలో ఉత్తరం నుంచి చల్లని పొడిగాలి వీస్తుంది. మబ్బు లేని రాత్రి నేలలోని వేడి అంతా ఆకాశంలోకి పోతుంది. పత్రికలో వేసే డిగ్రీలు నేలకు నాలుగడుగుల ఎత్తున పెట్టెలో కొలిచినవి. నేల దగ్గర చలి అంతకంటే ఎక్కువగా ఉంటుంది. బొప్పాయి, అరటి, తమలపాకు వంటి వేడి దేశపు మొక్కలకు మంచు గడ్డకట్టనక్కరలేదు. పది డిగ్రీల లోపు చలి వరుసగా కొడితే చాలు, ఆకు కణాల పొరలు దెబ్బతిని లోపలి నీరు కారిపోతుంది. కలబంద, రణపాల ఆకుల నిండా నీరే. వాటిని చంపేది చలి ఒక్కటే కాదు, చలిలో మనం పోసే నీళ్ళు కూడా. చల్లబడ్డ తడి మట్టిలో వేరు కుళ్ళిపోతుంది. ప్రేమతో పొద్దుమాపు బకెట్ల కొద్దీ నీళ్ళు పోసింది మేమే.

చేయవలసింది పెద్దగా ఏమీ లేదు. లేత మొక్కలను వానలు మొదలైన వెంటనే నాటితే చలి నాటికి వేళ్ళు లోతుకు పోతాయి. ఆగస్టు దాటితే నాటకుండా వేసవి ముందు దాకా ఆగడం మేలు. కుండీలను వరండాలోకి, ఎండ తగిలే గోడ పక్కకు జరపాలి. నీళ్ళు పొద్దెక్కాక పోయాలి, కలబందకు మట్టి పూర్తిగా ఎండితేనే పోయాలి. పొద్దుగూకే ముందు గోనెసంచి కప్పి, పొద్దున తీసేయాలి. మంచు కురిసే లండన్‌లో క్యూ గార్డెన్స్ వాళ్ళు ఉష్ణదేశాల చెట్ల కోసం 1848 నాటికే పెద్ద గాజు ఇల్లు కట్టారు. మనకు గాజు ఇల్లు అక్కరలేదు, బియ్యం ఖాళీ సంచులు చాలు.

కొందరు మిత్రులు అడుగుతారు: పిల్లలకే సరైన దుప్పట్లు లేనప్పుడు మొక్కలకు సంచులెందుకని. న్యాయమైన ప్రశ్నే. ముందు పిల్లలకే కప్పాలి. అందులో మాకు రెండో మాట లేదు. కానీ పిల్లల విషయంలోనూ మనం చేస్తున్నది అదే తప్పు కాదా?

ఆ జనవరిలోనే ఆరో తరగతి తమ్ముడొకడు సంక్రాంతికి ఇంటికి పోయి తిరిగి రాలేదు. పలుచని దుప్పటి, తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, విడవని దగ్గు. కొన్నాళ్ళకు రిజిస్టర్‌లో అతని పేరు మీద గీత పడింది. ఎందుకు రాలేదని ఎవరూ పోయి అడగలేదు. మేమూ అడగలేదు. మాలో కూడా ఒకరిద్దరు ఏడో తరగతిలో అట్లాగే ఆగిపోయినవాళ్ళమే. ఒక సీనియర్ అన్న బస్సెక్కి ఊరికి వచ్చి, మా నాయినతో మాట్లాడి, వెంట తీసుకొచ్చాడు. మా ఇండ్లల్లో డిగ్రీ చదివింది మేమే మొదటివాళ్ళం. ఆ రోజు ఆ అన్న రాకపోతే ఇవాళ ఈ వ్యాసం లేదు.

అందుకే మా మాట రెండు వైపులకూ చెబుతున్నాం. దుప్పట్లు సంక్రాంతి తర్వాత కాదు, దీపావళికి ముందే పిల్లల చేతికి రావాలి. ఆలస్యమైతే పెద్దల్ని అడగడం మన హక్కు. పూర్వ విద్యార్థులు వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు పూలదండలకు బదులు తలా ఒక రగ్గు తెస్తే బాగుంటుంది. ఇక హాస్టల్‌లో ఉన్న తమ్ముళ్ళకు ఒక విన్నపం. ఒక్కో గదికి నాలుగు మొక్కలు పంచుకోండి. సెలవుల తర్వాత వారం దాటినా రాని పిల్లవాడి ఊరికి ఇద్దరు పెద్ద తరగతివాళ్ళు సారుకు చెప్పి పోయి రండి.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన పెద్దలంటారు. అప్పటిదాకా ఏ మొక్కనూ పీకకండి, ఏ పేరునూ కొట్టేయకండి. ముందు గోరుతో గీకి చూడండి.