విశ్రాంతిదినము

సాయంకాలమున ఏ ఊరి వ్యాయామశాలలోనైనను కొంతసేపు నిలిచి చూచినచో ఒక బాలుడు తప్పక కంటబడును. నిన్న 40 కిలోల బరువెత్తినాడు. నేడును దానినే ఎత్తవలయును; రేపు 42 కావలయును. ఆదివారము కూడ వాని లెక్కలో సోమవారమువంటిదే. భుజము సలుపుచున్నను పైకి చెప్పడు. చెప్పినచో తోటివారు పిరికివాడందురని వాని భయము. అతని పట్టుదల చూచి మెచ్చుకొనువారు పలువురు కలరు. నాకు మాత్రము మెప్పుకంటె దిగులే ఎక్కువగా కలుగును.

తప్పు వానిదొక్కనిదే కాదు. వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తినాయుడుగారి బలమును గూర్చియు, 1948లో లండను ఒలింపిక్ క్రీడలలో బరువులెత్తి, 1963లో వెలువడిన ‘నర్తనశాల’ చిత్రమున భీముడుగా నటించిన దండమూడి రాజగోపాలరావుగారిని గూర్చియు తెలుగునాట పెద్దలు కథలు కథలుగా చెప్పుదురు. ఎంత బరువెత్తిరో అందరును చెప్పుదురు. ఏ దినమున ఎత్తక కూర్చుండిరో చెప్పువారు లేరు. కథకు అది రుచింపదు కాబోలు! కాని బలము పెరుగుటలో ఆ కూర్చున్న దినములకును పెద్ద పాలు కలదని నా అభిప్రాయము.

బరువెత్తునపుడు బలము పెరుగుచున్నదని మనము తలంతుము. నిజమునకు ఆ గడియలో బలము తరుగుచుండును. సాధన ముగించి చెమట తుడుచుకొనుచున్న వానిని మరల మొదటి బరువు నెత్తుమని అడిగిచూడుడు. వాని వలన కాదు. కండరములలోని సన్నని పోగులు కొంత దెబ్బతినియుండును. వానిలో నిలువయున్న గ్లైకోజెన్ అను శక్తిపదార్థము కొంత ఖర్చయియుండును. తరువాత మనము తినిన అన్నపానములే, అందును పప్పు, పాలు, గ్రుడ్లు మొదలగువానిలోని మాంసకృత్తులే, ఆ పోగులను బాగుచేసి మునుపటికంటె కొంచెము గట్టిపరచును. ఈ నిర్మాణకార్యము కఠినవ్యాయామము పిదప ఒక దినము మొదలు రెండు దినముల వరకు హెచ్చుగా సాగుచుండునని శాస్త్రజ్ఞులు కొలిచి చూచినారు. గోడ తడియారకముందే దానిపై మరియొక వరుస కట్టించు మేస్త్రీని మనము మెచ్చుకొనము గదా!

కండలకంటె స్నాయుబంధనముల సంగతి మరింత జాగ్రత్తగా చూడదగినది. ఇవి కండలను ఎముకలకు కట్టియుంచు త్రాళ్లవంటివి. వీనికి రక్తప్రసారము తక్కువ. కావున ఇవి గట్టిపడుటకు కండలకంటె ఎక్కువ కాలము పట్టును. కొన్ని వారములలో కండ బలిసి ‘ఇంకను ఎత్తగలను’ అని తొందరపెట్టును; త్రాడు ఇంకను సిద్ధముగా నుండదు. మోకాలి నొప్పియు, భుజము నొప్పియు పెక్కుసారులు ఇచ్చటనే పుట్టుచున్నవి. ఎదుగుచున్న బాలబాలికల ఎముకల కొనలయందు ఇంకను గట్టిపడని భాగము కూడ ఉండును. అందువలననే, ఎదుగుదల పూర్తియగువరకు తమ శక్తి కొద్దియు పెట్టి అత్యధికమైన బరువు నెత్తరాదని పిల్లల వైద్యులు చెప్పుచున్నారు.

రెండవ ప్రపంచయుద్ధకాలమున చికాగోలోని ఒక సైనికవైద్యశాలలో థామస్ డిలోర్మ్ అను వైద్యుడుండెను. అతడు స్వయముగా బరువులెత్తువాడు. మోకాళ్లు దెబ్బతినిన సైనికులచేత క్రమక్రమముగా హెచ్చు బరువుల నెత్తించి, చిక్కిపోయిన తొడకండలకు మరల పుష్టి కలిగించెను. 1945లో తన పద్ధతిని ప్రకటించినపుడు, ఒక పూటలో 70 మొదలు 100 మారులు ఎత్తవలెనని వ్రాసెను. 1948లో వాట్కిన్స్ అను సహచరునితో కలసి మరల వ్రాసినపుడు, అంత అవసరము లేదు, 20 మొదలు 30 మారులు చాలునని సవరించెను. ఎక్కువ చేసినకొలది ఎక్కువ ఫలమన్న లెక్క అతని రోగుల యెదుటనే తప్పిపోయినది. ఆ వైద్యుని చరిత్రలో నాకు మిక్కిలి నచ్చినది ఈ సవరణయే. తన పేరు మోసిన పద్ధతిని తానే తగ్గించుకొనుటకు ధైర్యము కావలయును.

దీనికి ఎదురుమాట లేకపోలేదు. బల్గేరియా దేశపు శిక్షకుడు ఇవాన్ అబాజియెవ్ తన వీరులచేత దాదాపు ప్రతిదినమును, దినమునకు పలుమారులు, గరిష్ఠమైన బరువులనే ఎత్తించెను. 1972లో మ్యూనిక్ ఒలింపిక్ క్రీడలలో ఆ చిన్న దేశము బరువులెత్తుటలో 3 స్వర్ణపతకములు గెలుచుకొనెను. ‘వారు విశ్రమించిరా?’ యని వ్యాయామశాలలలో నేటికిని అడుగువారున్నారు. అడుగదగిన ప్రశ్నయే. అయితే ఆ వీరులకు బరువులెత్తుటయే వృత్తి. భోజనము, నిద్ర, వైద్యము ప్రభుత్వమే చూచుకొనెను. ఒక పూటకును మరియొక పూటకును నడుమ పడుకొనుటయే వారికి పని. ఆ క్రమమునకు తాళలేనివారు తప్పుకొనిరి. వారి పేర్లు మనకు తెలియవు. 1988లో సియోల్‌లో నిషిద్ధమైన మందు వాడినట్లు తేలి, ఇద్దరు బల్గేరియా విజేతల పతకములు తీసివేయబడినవి. జట్టు పోటీలనుండి వైదొలగెను. బడికి పోయి వచ్చి, సాయంకాలము గంటసేపు ఇనుము పట్టు బాలునకు ఆ కొలబద్ద ఎట్లు సరిపోవును?

ఇంకొకటి. పోటీలో వీరుడు ఎన్ని మారులు బరువెత్తును? నేలనుండి ఒక్క ఊపున తలపైకి లేపు స్నాచ్‌లో 3 మారులు. ముందు భుజములపైకి, పిదప తలపైకి లేపు క్లీన్ అండ్ జెర్క్‌లో 3 మారులు. మొత్తము 6 మాత్రమే. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 110 కిలోలును, 130 కిలోలును ఎత్తి, 240 కిలోలతో కాంస్యపతకము గెలిచి, ఒలింపిక్ పతకము నందిన మొదటి భారతీయ మహిళ యయ్యెను. అట్టి బరువు అట్టి దినమునకే తగినది. దానిని ప్రతి మంగళవారమును ఎత్తిచూచుకొనువాడు ఆ దినమునకు అలసిపోయి చేరును. అనుభవముగల శిక్షకులు ఒక దినము కఠినముగాను, ఒక దినము తేలికగాను సాధన చేయింతురు. కొన్ని వారములకొకమారు వారమంతయు బరువు తగ్గింతురు.

మీ యీడువారికి వారమునకు 2 లేక 3 దినములు, అదియు వెంటవెంట కాక నడుమ ఒక దినము విడిచి, తేలికబరువుతో సరియైన భంగిమ నేర్చుకొనుట చాలును. రాత్రి 8 మొదలు 10 గంటల నిద్ర ఉండవలయును. నిన్నటి బరువే నేడు మోయరానిదిగ తోచుట, ఆకలి మందగించుట, నిద్ర చెడుట, ఉదయమున లేవగానే నాడి మామూలుకంటె వేగముగా కొట్టుకొనుట, ఇవి కనబడినచో ఆ దినము ఇనుము తాకరాదు. వారము దినములు మానినంతమాత్రమున బలము చెప్పుకొనదగినంత తరిగిపోదు. నెలలతరబడి మాని, ‘విశ్రాంతి’ యని పేరు పెట్టుకొనువారిని గూర్చి నేను వ్రాయుటలేదు. వారికి ఈ వ్యాసముతో పని లేదు.

వ్యాయామశాల యజమానులు వారమునకొక దినము తలుపునకు తాళము వేయుట మంచిదని నాకు తోచుచున్నది. మొదట చెప్పిన బాలుడు గోడ దూకియైనను లోపలికి పోవునేమో! పోయినచో వానిని తిట్టక, చీపురు చేతికిచ్చి, శాలయంతయు తిన్నగా ఊడ్చి పొమ్మనవచ్చును.