నీటి ఒడ్డున విడిది

సెలవులు దగ్గరపడుతున్నాయంటే మా వద్దకు వచ్చే ప్రశ్నల తీరు మారిపోతుంది. ఏడాది పొడుగునా జకాతు గురించీ, నికాహ్ గురించీ, ఆస్తి పంపకాల గురించీ అడిగే తల్లిదండ్రులే అప్పుడు వేరొక మాట కదిలిస్తారు. "హజ్రత్, పిల్లలు నల్లమలకు పోదామంటున్నారు. గుడారాల్లో రెండు రాత్రులు ఉండి వస్తామంటున్నారు. ఇది వృథా ఖర్చు కిందికి రాదా? ఇంట్లోని ఆడవాళ్ళను అడవికి తీసుకుపోవడం తగునా?" అని అడుగుతారు. అడిగేది తండ్రి. తలుపు చాటున నిలబడి జవాబు కోసం చెవియొగ్గేది తల్లి, పిల్లలు.

ఈ ప్రశ్న కొత్తది కాదు. హజ్రత్ ఆయిషా (ర.అన్హా)ను కూడా ఒకరు ఇటువంటిదే అడిగారు: ఊరు విడిచి బయలు ప్రదేశాలకు వెళ్ళడం ఎటువంటిదని. దైవప్రవక్త (స) కొండల నుండి దిగే నీటి పాయల వద్దకు వెళ్ళి వస్తూ ఉండేవారని ఆమె బదులిచ్చారు. అంతటితో ఆపలేదు. ఒకసారి ఆయన అలా బయలుదేరుతూ, అప్పటికి ఎవరూ సవారీ చేయని ఒక ఒంటెను తన కోసం పంపారనీ, దానిపట్ల మృదువుగా మసలుకొమ్మని చెప్పారనీ వివరించారు. అబూ దావూద్ సంకలనంలో ఉన్న ఉల్లేఖనమిది. చదువరులు ఇందులో రెండు విషయాలు గమనించాలి. ఆయన వెళ్ళినది నీళ్ళున్న చోటికి. వెళ్ళేటప్పుడు భార్యకు కూడా వాహనం సిద్ధం చేశారు. కాబట్టి మగపిల్లలు మాత్రం జట్టుగా కారెక్కి పోయి, తల్లీ చెల్లెళ్ళూ ఇంట్లో కూర్చొని ఫోనులో ఫొటోలు చూసే పద్ధతి మాకు సమ్మతం కాదు. మహరమ్ తోడుతో, పరదాకు వీలైన చోటు చూసుకొని, ఇంటిల్లిపాదీ వెళ్ళాలి.

ఎక్కడికి వెళ్ళాలన్నది తర్వాతి మాట. మన అనంతపురం రెండు ఋతుపవనాలకూ దూరమైన నేల. ఏడాదికి కురిసేది 550 మిల్లీమీటర్ల ప్రాంతం, అదీ కురిస్తే. మదనపల్లె దాపున నాలుగు వేల అడుగులకు పైబడిన ఎత్తున హార్సిలీ కొండలు ఉన్నాయి. చల్లని చోటే గానీ, నేడు అక్కడ అడవికంటే వసతి గృహాలే ముందుగా కనబడతాయి. అడవిని అడవిగా చూడదలచిన వారికి నల్లమలే తగినది. గుత్తి, కర్నూలు, నందికొట్కూరు మీదుగా ఆత్మకూరు చేరితే అక్కడికి దగ్గరలోనే బైర్లూటి ఉంది. నంద్యాల నుండి గిద్దలూరు పోయే దారిలో పచ్చర్ల ఉంది. ఈ రెండు చోట్లా అటవీశాఖ వారి విడుదులున్నాయి, గుడారాలున్నాయి. స్థానిక చెంచు యువకులు అక్కడ పనిచేస్తారు, అడవి చూపిస్తారు. ఇది నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. విస్తీర్ణంలో దేశంలోని పులుల అభయారణ్యాలన్నిటికంటే పెద్దది. వానకాలంలో జూలై నుండి సెప్టెంబరు వరకు సందర్శన నిలిపివేస్తారు. ఎండాకాలంలో ఆకు రాలి అడవి అంతా ఎండు చితుకుగా ఉంటుంది. కాబట్టి వేసవి సెలవులకంటే సంక్రాంతి సెలవులు మేలు. మదరసా పిల్లలకు షాబాన్ చివర వచ్చే సెలవు ఏ ఋతువులో పడుతుందో ఏటేటా మారుతూ ఉంటుంది గనుక వారి సంగతి వేరు.

విడిది చేయడంలో మర్యాదలు కొన్ని ఉన్నాయి. మేము విద్యార్థులకు హదీసు పాఠం చెప్పేటప్పుడు, రాత్రివేళ దారి మీద మకాం వేయవద్దన్న ప్రవక్త (స) ఆదేశం వస్తుంది. అది జంతువులు నడిచే మార్గమనీ, రాత్రిపూట పురుగూ పుట్రా చేరే చోటనీ ఆయన కారణం కూడా సెలవిచ్చారు. సహీహ్ ముస్లింలో ఉన్నదీ మాట. బల్లల ముందు కూర్చొని చదివే పిల్లవానికి ఇది ఎడారి కాలపు ముచ్చటగా తోస్తుంది. హైదరాబాదు నుండి శ్రీశైలం పోయే అడవి దారిలో రాత్రి 9 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు తనిఖీ కేంద్రాల వద్ద వాహనాలను ఎందుకు ఆపివేస్తారో చెప్పినప్పుడు వాడి ముఖం మారుతుంది. రాత్రి ఆ దారి మనది కాదు. చిరుతలది, ఎలుగుబంట్లది, కణుజులది.

సహాబా ప్రయాణంలో దిగినప్పుడు లోయల్లో, వాగు మలుపుల్లో ఎవరికి వారు చెదిరిపోయేవారట. ఆ చెదరడం షైతాను పని అని ప్రవక్త (స) హెచ్చరించిన తర్వాత, ఒకే దుప్పటి కప్పినా అందరికీ సరిపోతుందనిపించేటంత దగ్గరగా దిగేవారట. గుడారాలు వేసుకొనేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోవాలి. వయసు పిల్లలు తమ గుడారం దూరంగా ఉండాలని కోరతారు. ఒప్పుకోవద్దు.

నిప్పు సంగతి కూడా చెప్పాలి. మన ఇళ్ళలో విహారమంటే ముందుగా దేగ్చా బయలుదేరుతుంది. దాని వెంట కట్టెలు, మసాలాలు, వంట మనిషి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అభయారణ్యంలో నిప్పు పెట్టడాన్ని నిషేధించింది. చట్టం లేకపోయినా, నిద్రించే ముందు నిప్పు ఆర్పివేయమన్న ప్రవక్త (స) ఆజ్ఞ మనకు ఉండనే ఉంది. విడిదిలో వండి పెట్టేది తిని రావాలి. హలాల్ విషయంలో సందేహముంటే శాకాహారం చెప్పుకోవాలి. రెండు రోజులు పప్పూ అన్నం తింటే ఎవరికీ ఏమీ కాదు. మిగిలిన ఎముకలను, ఎంగిలి విస్తళ్ళను గుడారం వెనుక పారవేస్తే ఎలుగుబంటి వాసన పట్టి వస్తుంది. స్పీకర్లు పెట్టి నాత్‌లు వినిపించే వారిని కూడా చూశాము. నాత్ మంచిదే. అడవికి ఆ హోరు మంచిది కాదు.

నమాజు మాట క్లుప్తంగా. అనంతపురం నుండి నల్లమల దూరం మన ప్రాంతపు హనఫీ ఉలమా లెక్కించే 48 మైళ్ళను, అంటే సుమారు 77 కిలోమీటర్లను బాగా దాటుతుంది గనుక జుహ్ర్, అస్ర్, ఇషా రెండేసి రకాతులు. నంద్యాల, ఆత్మకూరుల నుండి వెళ్ళే వారు తమ దూరం చూసుకొని నిర్ణయించుకోవాలి. ఫజ్ర్ వేళ చలిగా ఉందని, నీళ్ళు పక్కనే ఉండగా తయమ్ముమ్‌కు దిగరాదు. అజాన్ ఇవ్వాలి. కొండ మీద ఒంటరి గొర్రెల కాపరి ఇచ్చే అజాన్‌ను అల్లాహ్ మెచ్చుకొంటాడని హదీసులో ఉంది. దానికి మైకు అక్కరలేదు.

ఇక అసలు విషయం నీళ్ళు. ఈ వ్యాసం రాయడానికి మమ్మల్ని పురికొల్పినది అదే.

గత శీతాకాలంలో నాలుగు కుటుంబాలతో కలిసి మేము నల్లమల వైపు వెళ్ళాము. తిరుగు ప్రయాణంలో శ్రీశైలం జలాశయపు వెనుకటి నీళ్ళు కనబడే ఒక ఒడ్డున వాహనాలు ఆగాయి. కళ్యాణదుర్గం వైపు నుండి వచ్చిన ఒక దాదీమా మాతో ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి. బిందెలు వరుసలో పెట్టి ట్యాంకరు కోసం ఎదురుచూసిన ఏళ్ళు ఆమెవి. అన్ని నీళ్ళను ఆమె చాలాసేపు మాట్లాడకుండా చూశారు. తర్వాత సంచిలోంచి చెంబు తీసి మనుమరాలి చేత ఒక చెంబెడు నీళ్ళు తెప్పించుకొని, ఒడ్డుకు దూరంగా మట్టిలో కూర్చొని, ఆ చెంబుతోనే వుజూ ముగించారు. చెంబులో ఇంకా కొన్ని నీళ్ళు మిగిలాయి. వాటిని పక్కనున్న మొక్క మొదట్లో పోశారు. ప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో, అంటే ఇంచుమించు లీటరు లోపు నీటితో వుజూ చేసేవారని మేము ముప్పై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాము. ఆమె ఏ మదరసాలోనూ చదవలేదు.

అదే సమయంలో ఆమె మనుమలిద్దరు చొక్కాలు విప్పి నీళ్ళవైపు పరుగెత్తారు. మాతో వచ్చిన చెంచు యువకుడు వెంటపడి చేతులు పట్టుకొని ఆపాడు. "ఇక్కడ దిగొద్దు సామీ, అడుగు నిలవదు" అన్నాడు. అంతకు మించి చెప్పలేదు. ఎందుకు నిలవదో చదువరులకు మేము చెబుతాము.

జలాశయం చెరువు కాదు. చెరువుకు గట్టు నుండి లోపలికి మెల్లగా లోతు పెరుగుతుంది. మన బుక్కరాయసముద్రం చెరువులో గేదెలు తోలే పిల్లవానికి ఎంతవరకు పోవచ్చునో తెలుసు. శ్రీశైలం ఆనకట్ట కట్టి 885 అడుగుల మట్టం దాకా నీళ్ళు నిలిపినప్పుడు మునిగినది ఒక నది లోయ. 1981 ప్రాంతంలో దాదాపు వంద గ్రామాలు ఖాళీ అయ్యాయి. ఆ ఊళ్ళ బావులు, గోడలు, వాగుల గండ్లు అన్నీ నీటి అడుగునే ఉన్నాయి. పైకి అద్దంలా ఉన్న నీటిలో మోకాటి లోతు తర్వాత అడుగు నిలువునా మనిషి లోతుకు దిగవచ్చు. నీటిమట్టం తగ్గినప్పుడు బయటపడే ఒండ్రు పైకి ఎండి గట్టిగా కనిపిస్తుంది. కాలు పెడితే తొడ దాకా దిగబడుతుంది. మొసళ్ళు కూడా లేకపోలేదు.

దీనికి తోడు మన పిల్లలకు ఈత రాదు. ఇది నిందగా అనడం లేదు. వారి తాతలకు వచ్చు. అప్పట్లో ప్రతి పొలంలో కపిల బావి ఉండేది. ఎండిన సొరబుర్రనో, బెండునో వీపుకు కట్టి పిల్లవాణ్ణి బావిలోకి తోసేవారు. వారం తిరిగేసరికి వాడు చేపపిల్ల అయ్యేవాడు. బోర్లు వచ్చాయి, భూమిలోని నీరు కిందికి జారిపోయింది, బావులు ఎండిపోయాయి. బావితోపాటు ఈత కూడా పోయింది. నీళ్ళు లేని ఊళ్ళో పెరిగిన పిల్లవాడు నీళ్ళు చూడగానే ఉబ్బిపోతాడు గానీ భయపడడు. ప్రతి వేసవిలో పత్రికల్లో మనం చదివే వార్తలు అటువంటి పిల్లలవే. ఒకడు జారితే వాణ్ణి పట్టుకోబోయి అన్న, అన్నను పట్టుకోబోయి మేనమామ.

అందువల్ల నీటి ఒడ్డున విడిది చేసే కుటుంబ పెద్దలకు మా మాట ఇది. స్థానికులు చూపిన చోట తప్ప ఎవరూ నీటిలో దిగరాదు, వుజూకైనా సరే. ముగ్గురు ప్రయాణం చేస్తే ఒకరిని అమీర్‌గా ఎన్నుకోమన్నారు ప్రవక్త (స). ఆ అమీర్ కళ్ళు నీటి దగ్గర పిల్లల మీదే ఉండాలి, ఫోను మీద కాదు. ఒక ఖాళీ ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను మూత బిగించి, పొడవాటి తాడు కట్టి ఒడ్డున ఉంచుకోవాలి. ఎవరైనా మునుగుతుంటే దూకకుండా దాన్ని విసరాలి. తాడు లేకపోతే చీరో, దుపట్టానో, వెదురు గడో అందించాలి. మునిగేవాడు భయంతో పట్టుకొన్నవాణ్ణి కూడా లోపలికి లాగుతాడు. బయటికి తీసిన మనిషిని తలకిందులు చేసి తిప్పడం, పొట్ట నొక్కడం మన ఊళ్ళలో చూస్తాము. అది విలువైన నిమిషాలను మింగుతుంది. వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, ఊపిరి ఆడకపోతే నోటితో ఊపిరి ఊదుతూ ఛాతీ నొక్కాలి. ఇంకొకరు 108కి ఫోను చేయాలి. అడవిలో సిగ్నలు అన్ని చోట్లా ఉండదు గనుక ఎక్కడ అందుతుందో దిగిన వెంటనే తెలుసుకోవాలి. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కరాదు. 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు వద్ద ఏమి జరిగిందో మనమింకా మరచిపోలేదు.

నీటిని పాడు చేయడం గురించి కూడా ఒక మాట. నీటి రేవులో, నడిచే దారిలో, మనుషులు సేదతీరే నీడలో మలవిసర్జన చేయడం శాపానికి కారణమవుతుందని ప్రవక్త (స) హెచ్చరించారు. కదలని నీటిలో మూత్రం పోయడాన్ని నిషేధించారు. పిల్లల డైపర్లు, షాంపూ సంచులు, బిర్యానీ పొట్లాలు కూడా ఆ కోవలోకే వస్తాయని మా అభిప్రాయం. పైగా ఆ జలాశయం ఎవరిదో కాదు. మల్యాల దగ్గర ఆ నీళ్ళనే ఎత్తి హంద్రీ–నీవా కాలువలో పోస్తారు. అవే జీడిపల్లికి, గొల్లపల్లికి, కదిరి దాపున చెర్లోపల్లికి వస్తాయి. నల్లమల ఒడ్డున మనం పారేసినది మన వెంటే ప్రయాణం చేస్తుంది.

అల్లాహ్ స్మరణ లేని ప్రతి పనీ వినోదమే గానీ నాలుగింటిని మినహాయించారు ప్రవక్త (స). వాటిలో ఒకటి మనిషి తన ఇంటివారితో ఆడుకోవడం, మరొకటి ఈత నేర్చుకోవడం. ఈ రెండూ ఒకే మాటలో పక్కపక్కన వచ్చాయి. ఆడపిల్లలకు ఈత ఎందుకని అడిగే తండ్రులు మా వద్దకు వస్తూనే ఉంటారు. నీళ్ళు ఎవరు పడ్డారో చూసి ముంచవు. ఆడవారికి వేరుగా వేళ కేటాయించిన కొలను ఉంటే అక్కడ, లేదా బంధువుల తోటలో నీళ్ళున్న బావి ఉంటే తెల్లవారుజామున, ఈత వచ్చిన అత్తో, పిన్నో పక్కనుండగా నేర్పించవచ్చు. పొలాల్లో ఈదిన ఆడవారు మన పాత తరంలో ఇంకా ఉన్నారు. మా విద్యార్థి ఒకడు ఈ మాట విని ఇంటికి పోయి వాళ్ళ నానీని అడిగాడట. ఆమె అటక మీది నుండి దుమ్ము పట్టిన సొరబుర్ర దింపి చూపించారట. తాడు మాత్రం చివికిపోయిందట. వాడు కొత్త తాడు కొన్నాడు.