ఆదివారం వినిపించని అధ్యాయం

చదువు రాని స్త్రీకి బైబిలంటే ఆదివారం చెవిన పడినదే. 1854లో ఏలూరుకు చర్చి మిషనరీ సొసైటీ వచ్చేనాటికి, వేదం చెవిన పడితేనే నేరమన్న సమాజం మనది. అలాంటిచోట గ్రంథం గట్టిగా చదివి వినిపించడం మాల, మాదిగ పేటలకు దక్కిన గౌరవం. కాదనను. కానీ ఏది వినిపించాలో ఎవరు నిర్ణయిస్తున్నారు?

కతోలికులకు ఆదివారం పఠనాలు మూడేళ్లకొకసారి తిరిగి వస్తాయి. 1969లో రోము ఇచ్చిన పట్టిక అది. భార్యలు భర్తలకు లోబడాలన్న కొలొస్సయుల భాగం తిరుకుటుంబ పండుగ నాటి పఠనాల్లో ఉంది (దాన్ని వదిలి పొట్టిగా చదివే వీలు కూడా ఉందనుకోండి). ఫరో ఆజ్ఞను ధిక్కరించి మగబిడ్డల్ని బతికించిన మంత్రసానుల కథ దగ్గరకొచ్చేసరికి మాత్రం మామూలు రోజుల పఠనం ఆ వచనాలను దాటేసి ముందుకు పోతుంది. పట్టిక పాటించని సంఘాల్లో పాస్టరుగారి ఇష్టమే పట్టిక. పెళ్లిలో ఎఫెసీయుల అయిదో అధ్యాయం చదివేటప్పుడు చాలామంది 22వ వచనంతో మొదలుపెడతారు. ఒకరికొకరు లోబడమన్న 21వ వచనం పైనే ఉండిపోతుంది.

అన్నిటికన్నా నన్ను బాధించేది సంఖ్యాకాండం 27. సెలోపెహాదు కూతుళ్లు అయిదుగురు. తండ్రికి కొడుకులు లేరు. గుడారం ముందు, మోషే ఎదుట, పెద్దలందరి ఎదుట నిలబడి మా నాన్న భూమిలో మా వాటా ఏదని అడిగారు. వాళ్ల మాట న్యాయమని దేవుడే తీర్పు చెప్పాడు. కతోలికుల ఆదివారం పఠనాల్లో ఇది లేదు. (36వ అధ్యాయంలో మగపెద్దలు వచ్చి, సొంత గోత్రంలోనే పెళ్లాడాలని మెలిక పెట్టించారు. అదీ చదవాలి.)

ఇది ఒట్టి వేదాంత చర్చ కాదు. తండ్రి వీలునామా రాయకుండా పోతే, 1925 భారత వారసత్వ చట్టం ప్రకారం క్రైస్తవ కూతురికి కొడుకుతో సమాన వాటా. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల కాగితాల్లో హిందువులుగా మిగిలిన కుటుంబాల్లోనూ, 2005 సవరణ తర్వాత పిత్రార్జితంలో కూతురికి హక్కుంది. అయినా తాడేపల్లిగూడెంలో గానీ, కొల్లేటి గట్టు ఊళ్లలో గానీ వాటా అడిగిన ఆడపిల్ల వినేది ఒకటే మాట: “కట్నం ఇచ్చాంగా!” అన్నదమ్ముల మీద పేచీకొచ్చిన దురాశపరురాలంటారు. అడగడం పాపం కాదని ఆమెకు చెప్పే అధ్యాయం బల్ల మీది పుస్తకంలోనే ఉంది.

చదివేది స్త్రీలే కదా అంటారు. నిజమే, పట్నం చర్చిల్లో మన అమ్మాయిలు చక్కగా చదువుతున్నారు. 2021లో పోపు ఫ్రాన్సిస్ పాఠకుల పరిచర్యను స్త్రీలకు అధికారికంగా తెరిచారు. దక్షిణ ఇండియా సంఘంలో 2013లో నంద్యాలకు స్త్రీ బిషపే వచ్చింది. కానీ ఇచ్చిన భాగం చదవడం వేరు, భాగాన్ని ఎంచుకోవడం వేరు. వాక్యంలో ఏరుకోవడం తప్పని పెద్దలు కోప్పడతారు. ఇన్నాళ్లూ ఏరుతున్నది ఎవరట?

చాలా సంఘాల్లో ఏడాదికొకసారి స్త్రీల ఆదివారం చేస్తారు. ఈసారి ఆ రోజు పాఠం స్త్రీల మైత్రి ఎంచాలి, ప్రసంగమూ వాళ్లే చేయాలి. సంఖ్యాకాండం 27 చదివాక, 1925 చట్టం ఏమంటుందో కూడా అక్కడే, ఆ బల్ల దగ్గరే చెప్పాలి. అన్నదమ్ములు కూడా వినేచోటు అదే.