వాసన పట్టే రేకు

పిల్లలూ! మధుమేహం ముదిరినప్పుడు కొందరి ఊపిరి ముగ్గిన పళ్ళ వాసన వేస్తుంది. అది అసిటోను వాసన. దానిని మన ముక్కుకన్నా ముందే పసిగట్టగల రేకు కోసం శాస్త్రజ్ఞులు ప్రయత్నిస్తున్నారు.

గ్రాఫీను ఒకే పరమాణువు మందం గల కర్బనపు రేకు. దానిని 2004లో విడదీశారు. వాయువు అణువులు దానిమీద వాలితే, అందులో పారే విద్యుత్తు మారుతుంది. ఆ మార్పే మనకు కబురు.

కాని ఒక చిక్కున్నది. పట్టు వదులైతే అణువు నిలవదు, రేకుకు తెలియదు. మరీ గట్టిదైతే అణువు ఊడిరాదు, రేకు రెండోసారి పనికిరాదు. రేకుకు ఏ లోహం చేరిస్తే పట్టు సరిపోతుంది? అన్నీ చేసి చూడాలంటే ఏళ్ళు పడుతుంది. అందుకని ముందు కంప్యూటరులో లెక్కకట్టి, నెగ్గినవాటినే ప్రయోగశాలలో చేసి చూస్తారు.

లెక్క కుదిరితే, ఒక్కసారి ఊదగానే జబ్బు సంగతి హెచ్చరించే రోజు రావచ్చు!