ఒక్క నెల చందా చాలని చెప్పేదెవరు?

ఉద్యోగుల పింఛను పథకం (ఈపీఎస్-95)పై చర్చ అంతా కనీస మొత్తం చుట్టూనే తిరుగుతోంది. 2014 సెప్టెంబరులో వెయ్యి రూపాయలుగా ఖరారైన కనీస పింఛనును 7,500కు పెంచాలన్న డిమాండు న్యాయమైనదే, దాన్ని ఇన్నేళ్లు నాన్చడం తప్పే. అయితే ఆ వెయ్యి కూడా తమకు వస్తుందని తెలియక వదులుకుంటున్న వాళ్ల ఊసు ఈ చర్చలో లేదు. ఉద్యోగంలో ఉండగా శాశ్వతంగా, పూర్తిగా పనికి దూరమైన సభ్యుడికి పింఛను రావాలంటే పదేళ్ల సర్వీసు అక్కర్లేదు. పింఛను నిధికి ఒక్క నెల చందా జమై ఉంటే చాలు. పథకం 15వ పేరా చెప్పేది ఇదే. సర్వీసులో ఉండగా చనిపోయిన కార్మికుడి భార్యకు వచ్చే పింఛనుకూ ఇదే కొలత, ఒక్క నెల. మిల్లుల దగ్గర, ఫ్యాక్టరీ గేట్ల దగ్గర మాత్రం ‘పదేళ్లు నిండకపోతే పింఛను లేదు’ అన్న సగం నిజమే చలామణి అవుతోంది. దాన్ని సరిదిద్దే బాధ్యత ఎవరిది? డబ్బు వసూలు చేసుకున్న ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ, అంటే ఈపీఎఫ్ఓదే.

ఆరేళ్ల సర్వీసున్న స్పిన్నింగ్ మిల్లు కార్మికుడు పక్షవాతంతో మంచాన పడ్డాడనుకుందాం. కొడుకు నెట్ సెంటర్‌కు వెళ్తే అక్కడ నింపేది ఫారం 10-సి, అంటే ఉన్న డబ్బు తీసేసుకునే దరఖాస్తు. వైకల్య పింఛను ఉన్నది ఫారం 10-డిలో. అందులో ఏ రకం పింఛను కావాలో రాసే గడి ఉంటుంది, వైకల్య పింఛను ఆ రకాల్లో ఒకటి. ఆ గడి దాకా కుటుంబం వెళ్లదు, ఎందుకంటే ఒక్క నెల చందా చాలన్న మాట వాళ్ల చెవిన పడలేదు. కొన్ని వేలు చేతికొస్తాయి, ఆరేళ్ల సర్వీసు ఖాతాలోంచి తుడిచిపెట్టుకుపోతుంది. జీవితాంతం నెలనెలా రావాల్సింది ఆసుపత్రి బిల్లుల్లో కలిసిపోతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల నష్టమూ తక్కువేం కాదు. తొమ్మిదిన్నరేళ్ల సర్వీసును పదేళ్లుగా లెక్కిస్తారని, డబ్బు తీసుకోకుండా స్కీమ్ సర్టిఫికెట్ అడిగితే పాత సర్వీసు నిలుస్తుందని, 58 ఏళ్లకు ముందే పింఛను మొదలుపెడితే ఏడాదికి 4 శాతం చొప్పున తగ్గిన మొత్తమే చివరిదాకా వస్తుందని సంతకం పెట్టే ముందు తెలియాలి. తర్వాత తెలిసి లాభం లేదు.

సమాచారమంతా వెబ్‌సైట్‌లో ఉంది, ఉమాంగ్ యాప్ ఉంది, నెలనెలా జిల్లాల్లో శిబిరాలు పెడుతున్నాం కదా అన్నది అధికారుల జవాబు. శిబిరాలు మంచివే. కానీ ఏం అడగాలో తెలిసినవాళ్లకే అవి అక్కరకొస్తాయి. 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ సమాచారాన్ని స్థానిక భాషను, జనానికి బాగా చేరే పద్ధతిని దృష్టిలో పెట్టుకుని అందించాలంటోంది. బీడీలు చుట్టి కళ్లు మసకబారిన నిజామాబాద్ మహిళకు ఇంగ్లిష్ పీడీఎఫ్ చేరే పద్ధతి కాదు. తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు జీవన భృతి ఇచ్చేందుకు పీఎఫ్ సభ్యత్వాన్నే ఆధారంగా తీసుకుంది. ఆ కాగితాలు చూసిన బల్ల దగ్గరే ఈపీఎస్ హక్కుల గురించి తెలుగులో ఒక పేజీ ఇచ్చి ఉంటే అదనపు ఖర్చెంత? సిబ్బంది చాలరన్న వాదనా నిలబడదు. సభ్యుడి పుట్టిన తేదీ, చేరిన తేదీ, ఏ నెలతో చందా ఆగిందో అన్నీ ఈపీఎఫ్ఓ రికార్డులోనే ఉన్నాయి. చందా ఆగిన మూడో నెలలో ఒక తెలుగు ఉత్తరం పంపడానికి కొత్త విభాగం అక్కర్లేదు. ఇలా చెబితే దొంగ దరఖాస్తులు పెరుగుతాయనేవాళ్లూ ఉన్నారు. వైకల్యాన్ని తేల్చడానికి వైద్య పరీక్ష ఉంది, హక్కును దాచిపెట్టడం ఆ పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు.

2025లో ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛన్ల పునఃపరిశీలన జరిగింది. మంచం దిగలేనివాళ్ల ఇళ్లకు వైద్య బృందాలు వెళ్లాయి, అనర్హులని భావించినవాళ్లకు నోటీసులు అందాయి. అది రాష్ట్ర పథకం, ఇది కేంద్రానిది అనొచ్చు. అయినా తేలిన విషయం ఒకటే: కోత పెట్టాలనుకున్నప్పుడు ప్రభుత్వ యంత్రాంగానికి మంచాన పడ్డ మనిషి గడప దొరుకుతుంది. ఇవ్వాల్సి వచ్చినప్పుడే ఆ మనిషి పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకుని, ఓటీపీ చూసుకుని, సరైన ఫారం తానే వెతుక్కోవాలా? అనారోగ్యంతో పని మానేశానన్న సభ్యుడి 10-సిని, ఒక్క నెల చందా నిబంధన తెలుగులో చదివి వినిపించి సంతకం తీసుకోకుండా పరిష్కరించడం ఆపాలి. ఇప్పటికే అలా ముగించిన ఫైళ్లను తిరిగి తెరవాలి. అర్హులని తేలినవాళ్లకు, పథకంలో ఉన్నట్టే, వైకల్యం వచ్చిన మర్నాటి నుంచి బకాయి లెక్కగట్టి చెల్లించాలి.