వెన్నులోపంతో జన్మించిన శిశువు: కర్మవిచారమా, కర్తవ్యమా?

శిశుజననం గృహస్థాశ్రమంలో పరమ మంగళకరమైన ఘట్టం. అయితే ఆ శిశువు వీపుపై చర్మం మూసుకోక, నాడులు పైకి కనిపించే సంచితో జన్మించినప్పుడు పురిటింట మంగళవాక్యాలు ఒక్కసారిగా ఆగిపోతాయి. దీవించవలసిన బంధువులు గుసగుసలాడుతారు. ఏ జన్మలో ఏ పాపం చేసుకున్నారో అనే మాట ఎవరో ఒకరి నోట వెలువడుతుంది. గ్రహణవేళ తల్లి బయటికి వచ్చిందా, కత్తి పట్టుకుందా అనే విచారణ మొదలవుతుంది. ఆ క్షణంలో వేదాంతాన్ని ఆశ్రయించినవారు ఎటు నిలవాలి? ఇది సానుభూతికి మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు, శాస్త్రార్థాన్ని సరిగా గ్రహించారా లేదా అనే ప్రశ్న కూడా. ఈ శిశువు విషయంలో కాలహరణం ప్రాణహరణం కాగలదు.

వైద్యులు స్పైనా బిఫిడా అని పిలిచే ఈ లోపం గర్భధారణ జరిగిన మొదటి 28 దినాలలోనే ఏర్పడుతుంది. పిండంలో ఒక పలుచని పొర ఇరువైపుల నుండి ముడుచుకొని, నాళంగా మూసుకొని, మెదడుగా, వెన్నుపాముగా పరిణమిస్తుంది. ఆ నాళం ఒకచోట మూసుకోకపోతే అక్కడ వెన్నెముక తెరచుకొనే ఉండిపోతుంది. తీవ్రరూపమైన మైలోమెనింగోసీల్‌లో వెన్నుపాము, నాడులు సంచిలోకి చొచ్చుకొని వస్తాయి. చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమని తెలిసేలోపే ఇదంతా ముగుస్తుంది. గ్రహణానికీ, కత్తికీ, దృష్టిదోషానికీ ఇందులో స్థానమే లేదు.

ఇట్టి శిశువును బోర్లా పడుకోబెట్టి, సంచిని సెలైన్‌తో తడిపిన శుభ్రమైన వస్త్రంతో కప్పి, సాధారణంగా 48 నుండి 72 గంటలలోపు శస్త్రచికిత్సతో మూసివేస్తారు. ఆలస్యమైతే సూక్ష్మక్రిములు మెదడుపొరలను చేరే ప్రమాదం పెరుగుతుంది. ఈ చికిత్స పోయిన నాడీశక్తిని తిరిగి ఇవ్వదు, మిగిలినదానిని రక్షిస్తుంది. ఆ భేదాన్ని తల్లిదండ్రులు ముందే గ్రహించడం మంచిది. అనేకమంది శిశువులకు తలలో నీరు చేరుతుంది. దానిని ఉదరంలోకి మళ్లించేందుకు షంట్ అనే సన్నని గొట్టం అమర్చవలసి వస్తుంది. కాళ్ల బలం, మలమూత్రాల నియంత్రణ లోపించవచ్చు. వీరిలో చాలామందికి బుద్ధివికాసం సహజంగానే ఉంటుంది.

కర్మసిద్ధాంతం ఎందుకు చెప్పబడినది?

బ్రహ్మసూత్రాల ద్వితీయాధ్యాయంలో వైషమ్యనైర్ఘృణ్యాధికరణం ఉన్నది. లోకంలో ఒకరు సుఖులుగా, ఒకరు దుఃఖులుగా జన్మిస్తుంటే ఈశ్వరునికి పక్షపాతం, నిర్దయ అంటవా అన్నది అక్కడి పూర్వపక్షం. ఈశ్వరుడు జీవుల కర్మను అపేక్షించి సృష్టిస్తాడు కనుక ఆ దోషాలు అంటవని సిద్ధాంతం. శంకరభగవత్పాదులు పర్జన్యదృష్టాంతం చూపారు. వాన అన్ని పైరులకూ సమానకారణమే, మొలకల భేదం బీజాలను బట్టి కలుగుతుంది.

ఈ విచారణ ఈశ్వరుని నిర్దోషత్వాన్ని స్థాపించడానికి ఉద్దేశింపబడినది. ఫలానా శిశువు ఫలానా పాపం చేసినదని తీర్పు చెప్పే అధికారాన్ని అది పొరుగింటివారికి ఇవ్వలేదు. కర్మగతి దుర్జ్ఞేయమని గీతాచార్యుడే హెచ్చరించాడు. తన దుఃఖాన్ని సహించడానికి, తన నడవడిని దిద్దుకోవడానికి సాధకుడు కర్మసిద్ధాంతాన్ని తనకు అన్వయించుకుంటాడు. ఇతరుల దుఃఖానికి దానిని అన్వయించినవాడు ఆ సిద్ధాంతాన్ని తలక్రిందులు చేసినట్లే. బాలింత మంచం పక్కన ఆ మాట అనడం వాచిక హింస. అహింసను ప్రథమయమంగా ఎంచిన సంప్రదాయంలో దానికి చోటు లేదు.

నిప్పంటుకున్న ఇంటికి ముహూర్తమా?

శస్త్రచికిత్సకు మంచిరోజు చూడాలని, పురుడు గడిచాక తలపెట్టాలని కొన్ని కుటుంబాలు వేచి ఉంటాయి. ఇందుకు సమాధానం సుశ్రుతసంహితలోనే ఉన్నది. సూత్రస్థానం ఐదవ అధ్యాయం శస్త్రకర్మకు శుభమైన తిథి, కరణ, నక్షత్రాలను విధించినది. అదే అధ్యాయం, త్వరగా ప్రాణం తీసే రోగాలలో వైద్యుడు సాధారణవిధి కోసం ఆగరాదని, ఇల్లు తగలబడుతున్నప్పుడు పూనుకొన్నంత వేగంగా ప్రతిక్రియ చేయాలని కూడా విధించినది. ముహూర్తాన్ని విధించిన శాస్త్రమే దాని మినహాయింపునూ చెప్పినది. మొదటి వాక్యాన్ని పట్టుకొని రెండవదానిని విడిచిపెట్టడం శాస్త్రనిష్ఠ అనిపించుకోదు.

స్వాగతం ఎలా పలకాలి?

బృహదారణ్యకోపనిషత్తు చివరి అధ్యాయంలో శిశుస్వాగతవిధి ఉన్నది. తండ్రి బిడ్డ కుడిచెవిలో వాక్కు అనే శబ్దాన్ని మూడుసార్లు పలుకుతాడు. వేదమే నీవని రహస్యనామం ఇస్తాడు. అవయవపరీక్ష పూర్తయ్యాకే ఆ పేరు పెట్టాలని అక్కడ నిబంధన లేదు. జ్ఞానస్వరూపమైన పేరు శరీరస్థితిని బట్టి కాక జననాన్ని బట్టే లభిస్తున్నది. శస్త్రచికిత్సకు తీసుకొనిపోయే ముందు తండ్రి, ఆయన లేనిచోట తాతయో మేనమామయో, ఆ చెవిలో ఒక్క నామం పలకడానికి ఏ ఆసుపత్రిలోనైనా నిమిషం చాలు. తేనె, నెయ్యి నాకించడం మాత్రం విడిచిపెట్టాలి. శస్త్రచికిత్సకు సిద్ధమయ్యే శిశువుకు నోటిద్వారా ఏమీ ఇవ్వరాదు. ఏడాది నిండని ఏ శిశువుకూ తేనె క్షేమకరం కాదు. సంస్కారానికి ప్రాణం సంకల్పం.

అష్టావక్రుని కథ ఇట్టి సందర్భాలలో తరచుగా ప్రస్తావనకు వస్తుంది. మహాభారత వనపర్వం ప్రకారం సుజాతా కహోడుల కుమారుడు గర్భస్థుడై ఉండగానే తండ్రి అధ్యయనంలోని దోషాన్ని ఎత్తిచూపి, ఆయన శాపంచేత ఎనిమిది వంకరలతో జన్మించాడు. ఆ వంకరలు తల్లి తప్పిదమని ఇతిహాసం చెప్పలేదు. శిశువు పాపమనీ చెప్పలేదు. జనకుని సభలో వందిని జయించినవాడు ఆ బాలుడే. అయితే ఈ కథను ఓదార్పుగా చెప్పేవారు ఒక జాగ్రత్త వహించాలి. లోపంతో పుట్టిన ప్రతి శిశువూ మహాజ్ఞాని కానక్కరలేదు. ఏ సభనూ జయించకపోయినా, సామాన్యంగా పెరిగి సామాన్యంగా జీవించినా, ఆ బిడ్డ ఇంటివారి ప్రేమకు సంపూర్ణంగా అర్హుడే.

దైవం, పురుషకారం

ఆయుఃప్రమాణం పూర్తిగా నియతమైతే ఔషధాలకు, రక్షావిధులకు ప్రయోజనమేమని చరకసంహిత విమానస్థానం ప్రశ్నిస్తుంది. దైవపురుషకారాలు రెండూ కలిసి ఫలాన్ని నిర్ణయిస్తాయని నిర్ధారిస్తుంది. ఈ లోపం చరిత్రే ఆ మాటకు సాక్ష్యం.

1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులను స్ప్రూ వ్యాధి బలిగొన్నది. ఆయన అమెరికాలో నడిపిన పరిశోధకబృందం 1940వ దశకంలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినది. స్ప్రూకు, రక్తహీనతకు ఉపకరించిన ఆ పదార్థమే నాడీనాళాన్ని మూయడానికీ తోడ్పడుతుందని తరువాత తేలినది. అదివరకే ఇట్టి శిశువును కన్న తల్లులు గర్భధారణకు ముందునుండే రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకుంటే లోపం పునరావృతి 72 శాతం తగ్గినదని 1991లో బ్రిటిష్ పరిశోధన నిరూపించినది. గర్భం కోరుకునే ఇతర స్త్రీలకు రోజుకు 400 మైక్రోగ్రాములు సూచిస్తారు. అయినా మాత్ర వేసుకున్నవారికీ కొన్నిసార్లు ఈ లోపం కలుగుతుంది. కనుక పాపం చేశావన్న నింద పోయి మాత్ర మానావన్న నింద రాకూడదు. జ్ఞానం రాబోయే శిశువును రక్షించడానికి, వచ్చిన శిశువు తల్లిని శిక్షించడానికి కాదు.

అమెరికాలో జాన్ హోల్టర్ అనే యంత్రపనివాడికి 1955లో ఈ లోపంతోనే కుమారుడు పుట్టాడు. తలలోని నీటిని నియమితంగా బయటకు పంపే కవాటం కోసం ఆయన తపించి, 1956 నాటికి సాధించాడు. కొన్నేళ్లకే కుమారుడు కన్నుమూశాడు. ఆ కవాటం మాత్రం లెక్కలేనంతమంది ఇతరుల బిడ్డలను బ్రతికించినది. ఫలం తనకు దక్కకున్నా కర్మ లోకానికి దక్కడం అంటే ఇదే.

భారం ఎవరిది?

ఇట్టి జీవితం బాధామయం కదా, వదలివేయడమే కరుణ కాదా అని వాదించేవారు ఉన్నారు. 1971లో షెఫీల్డ్ నగర వైద్యుడు జాన్ లార్బర్ 524 మంది శిశువుల చికిత్సాఫలితాలను పరిశీలించి, ఎవరికి చికిత్స చేయాలో ఎంచుకొనే ప్రమాణాలను ప్రతిపాదించాడు. ఆ వాదం వెనుక నిజమైన వేదన ఉన్నది. మెదడు, ఇతర అవయవాలు తీవ్రంగా దెబ్బతిన్న కొందరు శిశువుల విషయంలో వైద్యులు, తల్లిదండ్రులు కలిసి కఠిననిర్ణయం తీసుకోవలసి రావచ్చును. కాని కాళ్ల కదలికను కొలిచి జీవితం విలువను నిర్ణయించడం ఆత్మవాదులకు పొసగదు. క్షేత్రంలోని లోపం క్షేత్రజ్ఞుని విలువను తగ్గించదని గీత త్రయోదశాధ్యాయం చదివినవారు ఎరుగుదురు.

అలాగని భారం లేదనడం అసత్యం. నియమిత వేళల్లో సన్నని గొట్టంతో మూత్రం తీయాలి, షంట్ మూసుకుపోతే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి, పాఠశాలలో మెట్లెక్కలేని బిడ్డను ఎత్తుకోవాలి. ఇవన్నీ ఒక్క తల్లి నడుముపై పడితే ఆమె కుంగిపోతుంది. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరిశీలించే లోపాలలో నాడీనాళలోపం కూడా ఉన్నది. ఆ మార్గం తెలియని కుటుంబానికి తెలియజేయడం పుణ్యకార్యం. సత్సంగంలో సర్వభూతహితం గురించి విన్నవారు ఒక రాత్రి ఆసుపత్రిలో తోడు పడుకోవడం, పెద్దబిడ్డను తమ ఇంట ఉంచుకోవడం, ఆలయానికి ఒక వాలుదారి కట్టించడం ఆ శ్రవణానికి మననం వంటివి.

ఏ కర్మవల్ల ఈ శిశువు ఇలా వచ్చినదో తెలుసుకొనే శక్తి మానవులకు లేదు. వచ్చిన శిశువు విషయంలో ఇప్పుడు చేయవలసిన కర్మ మాత్రం అందరికీ తెలిసినదే. ముందు వైద్యుని పిలవాలి, చెవిలో పేరు పలకాలి, తల్లి చేయి పట్టుకోవాలి.