బడిగా మారిన ఊరు

ఈసారి పాఠకులను చాలా దూరం తీసుకుపోతున్నాము. వేల్సు దేశపు వాయవ్య మూలన, లీన్ ద్వీపకల్పంలో, కొండలకూ సముద్రానికీ నడుమ ఇరుక్కున్న చిన్న ఊరు నాంట్ గుర్థేయిర్న్. ఆ పేరు సరిగా పలకడానికి మన నాలుకకు రెండు దినాలు పట్టవచ్చు.

అక్కడ గ్రానైటు రాతి క్వారీ ఉండేది. 1878లో కూలీల కోసం 26 ఇళ్ళు కట్టినారు, ప్రార్థనకు చాపెల్ కట్టినారు. అక్కడ వెల్ష్ మాట్లాడేవారు. కొండదారి బహు నిటారు గనుక రాళ్ళు పడవల మీదనే లివర్‌పూలు, మాంచెస్టరు వీధులకు పోయేవి. వీధులకు తారు వచ్చినది, రాయికి గిరాకీ తగ్గినది. 1948లో బడి మూసినారు. 1959లో కడపటి కుటుంబం మూట కట్టుకున్నది. పైకప్పులు కూలి మొండిగోడలు మిగిలినవి.

పక్క గ్రామానికి 1970లో కార్ల్ క్లౌస్ అనే డాక్టరుగారు వచ్చినారు. మాంచెస్టరులో పెరిగి, పెద్దయిన తరువాత వెల్ష్ నేర్చుకున్న మనిషి. పని లేక పడుచువాళ్ళు వలసపోతున్నారు, వారితోపాటు భాషా పోతున్నది. ఈ రెండు జబ్బులకూ ఆయన ఒకే మందు వ్రాసినారు. ఒక ట్రస్టు పెట్టి, 1978లో ఆ పాడుపడ్డ ఊరిని 25,000 పౌన్లకు కొనిపించినారు. 1982లో అక్కడ వెల్ష్ తరగతులు మొదలైనవి. విద్యార్థులు పెద్దవాళ్ళు, అక్కడే బస. వంటవారికీ పంతుళ్ళకూ ఉద్యోగాలు దొరికినవి. చాపెల్ ఇప్పుడు ఊరి చరిత్ర చూపే ప్రదర్శనశాల.

ఊరు బ్రతికినదని మాత్రం మేము అనలేము. ఊరన్నాక పురుడు, పెళ్ళి, చావు ఉండాలి. పెళ్ళివారు అక్కడికి అద్దెకు వస్తున్నారు, నిజమే. విద్యార్థులు వారం తిరగ్గానే వెళ్ళిపోతారు. 2021 జనాభా లెక్కల ప్రకారం వేల్సులో వెల్ష్ వచ్చినవారు నూటికి 17.8 మంది మాత్రమే.

అయినా ఒక సంగతి మాకు నచ్చినది. వారు పిల్లలతో సరిపెట్టక పెద్దవాళ్ళను పలక పట్టించినారు. మన ఇళ్ళలో తెలుగు మాట ఉన్నది. అక్షరం దగ్గరకు వచ్చేసరికి తండ్రి అరవంలోనో కన్నడంలోనో సంతకం చేస్తాడు, పిల్లవాణ్ణి మాత్రం ఆదివారం తెలుగు తరగతికి తోలుతాడు. వాడు ఇంటికి వచ్చి చదివితే తప్పొప్పులు చెప్పేదెవరు? తరగతిలో పెద్దలకు కూడా ఒక చాప వేయించవలసినదిగా కార్యదర్శిగారిని కోరుతున్నాము. మొదటి వారం మేమూ వచ్చి కూర్చుంటాము.